ఎడమకాలి గురించి నేను చెప్పిన మాట

డెబ్బైల్లో మా ధర్మవరంలో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు పదకొండు మంది. ఆడించేవాళ్ళం మాత్రం టీ అంగడి ముందు రెండు బెంచీల నిండా ఉండేవాళ్ళం. గోలీ ఎక్కడ నిలబడాలో, కార్నర్ ఎవరు కొట్టాలో, ఎవర్ని తీసేసి ఎవర్ని దించాలో అంతా అక్కడే తేలిపోయేది. పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, వెలుగు తగ్గి జరీ పోగు కంటికి ఆనడం మానేశాక లేచి, మొహం కడుక్కుని నేను నేరుగా ఆ బెంచీ మీదికి పోయేవాణ్ణి. నాకు అప్పుడు ఇరవై ఆరో ఇరవై ఏడో. బంతిని జీవితంలో సరిగ్గా ఒక్కసారి తన్నిన పాపాన పోలేదు.

ఆ బెంచీ మీద నా మాటకు విలువ లేదు. ఇది ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ అప్పుడు నాకు నవ్వు రాలేదు. నేను నోరు తెరిస్తే పక్కవాడు బీడీ ముట్టించుకునేవాడు. మా కెప్టెన్ తాలూకా ఆఫీసులో గుమాస్తా. గోల్లో కూడా ఆయనే నిలబడేవాడు. నేను ఏదైనా అంటే ఆయన "ఊఁ" అని, నా తల మీదుగా వెనక ఉన్నవాడితో మాట్లాడేవాడు. బెంచీకి పెద్ద దిక్కు ఇంకొకాయన ఉండేవాడు, శెనక్కాయ రైతు. పక్క పల్లె నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. మేం ఆడేది ఎండిపోయిన చెరువు కడుపులో కాబట్టి, వాన పడితే మాకు గ్రౌండు పోతుంది, పడకపోతే ఆయనకు పంట పోతుంది. "మీ ఆట బాగుండాదంటే నా బతుకు మన్నైందని లెక్కప్పా" అంటూనే ప్రతి మ్యాచికీ వచ్చి, అందరికంటే గట్టిగా అరిచేవాడు. అలాంటి మనిషి మాటను అందరూ వినేవాళ్ళు. నా మాట ఎవరు వింటారు?

మధ్యలో నిలబడి వెనక నుంచి బంతి తీసుకుని ముందుకు అందించేవాణ్ణి మేం హాఫ్ అనేవాళ్ళం. మా హాఫ్ పెళ్ళి చేసుకుని బెంగళూరు పోయి, అత్తగారింట్లోనే ఉండిపోయాడు. అనంతపురంలో టోర్నమెంటు మూడు వారాల్లో ఉంది. హాఫ్ లేకుండా పోతే నవ్వులపాలవుతాం. ఇక మిగిలింది ఒకటే దారి, టోర్నమెంటులో ఆడని వేరే ఊరి నుంచి ఒకణ్ణి బదులు తెచ్చుకోవడం. పక్కింటి నుంచి శేరు బియ్యం బదులు తెచ్చుకున్నట్టే, టోర్నమెంటు అయ్యేదాకా ఆటగాణ్ణి తెచ్చుకుని తర్వాత అప్పగించేస్తాం. దానికి మాలో ఒక పద్ధతి ఉండేది. ముందు మనవాడొకడు పోయి ఆ ఆటగాడి ఆట చూసి రావాలి. వచ్చి బెంచీ మీద అందరి ముందూ చెప్పాలి. ఆ మాట నచ్చితే ఆకూ వక్కా పట్టుకుని ఆ ఊరి జట్టు పెద్ద దగ్గరికి పోవాలి. దీన్ని మేం చూపులు అని ఎగతాళిగా పిలుచుకునేవాళ్ళం. చూసి వచ్చినవాడి మాటే ఆఖరు. రెండోసారి చూడ్డానికి ఎవరూ పోరు. బస్ చార్జీలు ఎవరి దగ్గరున్నాయి?

కొత్తచెరువులో ఒక పిల్లోడు బాగా ఆడుతున్నాడని అందరూ విన్నారు. పందొమ్మిదేళ్ళవాడు, వాడూ నేతపనివాడే. కొత్తచెరువు నా అత్తగారి ఊరు. ఎలాగూ భార్యను పుట్టింట్లో దిగబెట్టడానికి పోతున్నాను కాబట్టి చూపుల పని నాకు తగిలించారు.

ఆ ఆదివారం నేను చూసింది ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. వాడికి బూట్లు లేవు. పాదాలకు గుడ్డ పట్టీలు చుట్టుకుని ఆడుతున్నాడు. మిగతావాళ్ళు బంతి వెనకాల పరిగెడుతుంటే వాడు నడుస్తున్నట్టే ఉండేవాడు. బంతి తన దగ్గరికి రాకముందే ఒకసారి తల తిప్పి ఎవడు ఎక్కడున్నాడో చూసుకునేవాడు. బంతి వచ్చాక ఇక చూడనవసరం లేదు, ఎడమకాలితో మెత్తగా తోస్తే అది పోయి మనిషి ముందు ఆగేది. నా పక్కన నిలబడ్డ ముసలాయన, "వాని కాళ్ళకు కండ్లుండాయప్పా" అన్నాడు. అంత అందంగా ఆడేవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

సగం ఆట అయింది. మా బామ్మర్ది వచ్చి, అల్లుడొచ్చాడని కోడిని కోశారనీ సంగటి చల్లారిపోతోందనీ చెప్పాడు. నేను పోయాను. తిన్నాను. తిని నిద్రపోయాను. రెండో సగం నేను చూడలేదు. దయచేసి ఈ సంగతి గుర్తుంచుకోండి.

మర్నాడు సాయంత్రం బెంచీ నిండా జనం. కెప్టెన్ నాకు జరిగి చోటిచ్చాడు, అది మొదటిసారి.

"ఏమప్పా, ఎట్లాడతాండాడు?" అన్నాడు.

"శానా బాగా ఆడతాండాడన్నా. బంతి రాకముందే చూసుకుంటాడు. ఎడమకాల్తో..."

"అది మాకు తెల్సులేప్పా" అన్నాడు శెనక్కాయ రైతు. "బాగా ఆడతాడనే కదా నిన్ను పంపిచ్చింది. ఇంగేమన్నా ఉంటే చెప్పు."

ఇంకేమీ లేదు. నేను చూసింది అంతే. పక్కవాడు అప్పుడే బీడీ కట్ట తీస్తున్నాడు. కెప్టెన్ చూపు నా తల మీదుగా వెనక్కి పోతోంది. అర నిమిషం కిందట నాకు దొరికిన చోటు నా కింద నుంచి జారిపోతున్నట్టు అనిపించింది. మెచ్చుకుంటే ఎవరూ వినరని, వంక పెడితే వింటారని ఆ క్షణంలో నాకు ఎవరు చెప్పారో తెలీదు.

"కానీ ఒకటి ఉండాది" అన్నాను.

అందరూ తలలు తిప్పారు.

"వాడు మగ్గం మనిషి కదన్నా. మాకు కుడికాలు తొక్కుతా ఉంటాది, ఎడమకాలు ఊరికే గుంతలో మడ్చుకోనుంటాది. పొద్దంతా అట్లే ఉంటే నరం మొద్దుబారిపోతాది. మొదట్లో తెలీదు. సెకండాఫ్ వచ్చేతలికి వాడు ఎడమకాలు ఈడుస్తాండాడు. మీరైతే కనుక్కోలేరు. నేను మగ్గం మీద కూచ్చునేవాణ్ణి కాబట్టి కనిపెట్టినా."

బీడీ కట్ట మళ్ళీ జేబులోకి పోయింది. నా మాటకు జనం అలా చెవులప్పగించి కూర్చోవడం నేను అంతకుముందు ఎరగను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు ఒళ్ళంతా తీయగా అనిపించింది.

"నిజమేనప్పా, నేసేవాని కాలు నేసేవానికే తెలుస్తాది" అన్నాడు శెనక్కాయ రైతు. దానితో తేలిపోయింది. గుమాస్తాకు, రైతుకు, టీ అంగడి ఆయనకు గుంత మగ్గంలో కాలు ఏమవుతుందో ఏం తెలుసు? నన్ను తప్పుపట్టగలిగినవాళ్ళు ఆ బెంచీ మీద ఇంకో ఇద్దరు నేతపనివాళ్ళు ఉన్నారు. వాళ్ళు కూడా తలూపారు. ఒకడు, "నాకూ అప్పుడప్పుడు తిమ్మిరెక్కుతాది" అన్నాడు. గంటలకొద్దీ కూర్చుంటే ఎవడికి ఎక్కదు? లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

కొత్తచెరువుకు ఆకూ వక్కా పోలేదు. తాడిపత్రి నుంచి ఒకణ్ణి తేవాలని నిర్ణయించారు.

నేను ఆ మాటను వెనక్కి తీసుకోవాలనుకోలేదని కాదు. టీ అంగడి ఆయన ఒక రోజు మామూలుగా, "ఈతూరి రైల్వే జట్టుకు మనుషుల్ని ఏరుకునే ఆయన అనంతపురం వస్తాండాడంట. ఆ కొత్తచెరువు పిల్లోడు ఆడింటే పాపం ఏమన్నా ఉద్యోగం దొరికేదేమో" అన్నాడు. రైల్వే ఉద్యోగమంటే ఏమిటో నేతపనివాడికి వేరే చెప్పాలా? నెల జీతం, నిలబడి బతకడం. ఆ సాయంత్రమే చెప్పేద్దామని పోయాను. నేను సగం ఆటే చూశానన్నా, అంటే చాలు. నన్ను చూడగానే కెప్టెన్ కొత్తవాళ్ళెవరికో చూపించి, "ఈయప్పే. కాలు చూసి మనిషిని చెప్తాడు" అన్నాడు. వాళ్ళు నా వైపు గౌరవంగా చూశారు. నేను టీ తాగి వచ్చేశాను.

అనంతపురంలో మేం మొదటి మ్యాచే ఓడిపోయాం. తాడిపత్రి నుంచి బదులు తెచ్చిన హాఫ్ పొగరుబోతు, బంతి ఎవరికీ ఇచ్చేవాడు కాదు. రైల్వే ఆయన తెల్ల టోపీ పెట్టుకుని నీడలో కూర్చుని ఉన్నాడు. ఓడిన బాధ కంటే పెద్ద దెబ్బ నాకు నీళ్ళ కుళాయి దగ్గర తగిలింది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇద్దరు, మా ఊరివాళ్ళు కూడా కాదు, మాట్లాడుకుంటున్నారు.

"కొత్తచెరువు హాఫ్‌ను యాడన్నా దింపుకోవచ్చు కదప్పా?"

"వాని ఎడమకాలు పనికిరాదంట. ధర్మవరం నేతోళ్ళు చూసి వదిలేసినారు."

నేను దోసిట్లో నీళ్ళు పట్టుకుని అలాగే నిలబడ్డాను. మాట నాది. ఇప్పుడు దానికి నా అవసరం లేదు.

పది రోజులకు పొద్దున్నే ఆ కొత్తచెరువు పిల్లోడు మా ఇంటికి వచ్చాడు. నేను మగ్గంలో ఉన్నాను. నా భార్య పక్కనే కూర్చుని కండెలకు పోగు చుడుతోంది. గడప దగ్గర నిలబడి చెప్పులు విడుస్తుంటే చూసి గుర్తుపట్టాను. కొట్టడానికి వచ్చాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అన్నా, కాళ్ళ సంగతి తెలిసిన అన్న మీరేనంట కదా" అన్నాడు. "నా కాలు ఒకసారి సూడండన్నా. అందరూ చెప్తాండారు ఎడమకాలు ఈడుస్తానని. నాకైతే తెలీడంల్యా. పడుకున్నెప్పుడు గూడా అదే చూసుకుంటాండా. వచ్చే నెల రైల్వే వాళ్ళు గుంతకల్లులో పిలగాండ్లను చూస్తారంట. ఎవరైనా పోవచ్చంట. అంతమంది ముందర కాలు పట్టేసిందంటే మానం పోతాది. పోదునా, వద్దా? మీరు చెప్తే వింటా."

నా దగ్గరికి వాడు తగువుకు రాలేదు. వైద్యానికి వచ్చాడు.

గుంత అంచున కూర్చుని పంచె పైకి లాగి కాలు చాపాడు. నేను పట్టుకుని చూశాను. పిక్క గట్టిగా, నిండుగా ఉంది. అంత మంచి కాలు నేను ఎక్కడా చూడలేదు. నా చేతిలో ఉన్నంతసేపు వాడు నా మొహమే చూస్తున్నాడు. నేను ఒక్క మాట అనాలి. "నీ కాలుకేమీ లేదప్పా, నేను అబద్ధం చెప్పినా" అంటే అయిపోయేది. అంటే వాడు గుంతకల్లు పోతాడు, అక్కడ బ్రహ్మాండంగా ఆడతాడు, ఆ సంగతి ధర్మవరం బెంచీ మీదికి వస్తుంది. కాలు చూసి మనిషిని చెప్పేవాడు అప్పుడేమవుతాడు? నేను ఇంత ఆలోచించాను. ఇంత ఆలోచించి మరీ చేశాను, కాబట్టి నోరు జారిందని చెప్పుకునే హక్కు నాకు లేదు.

"నరం కొంచెం బిగుసుకోనుండాది" అన్నాను. "రెండు నెలలు బంతి ముట్టుకోవద్దు. ఆముదం వెచ్చజేసి రుద్దు. ఈ యేడు వదిలేయ్. వచ్చే యేడు పోదువులే."

వాడి మొహం వాడిపోయింది. అయినా తలూపాడు. పోయేముందు వంగి నా కాళ్ళకు దండం పెట్టబోతే నేను గుంతలో ఉన్నాను, కాళ్ళు అందలేదు. మగ్గానికి మొక్కి పోయాడు.

వాడు సందు మలుపు తిరిగేదాకా నా భార్య కండె చుట్టడం ఆపలేదు. తర్వాత, తల ఎత్తకుండానే అడిగింది.

"నీకేం తెలుసని చెప్పినావు?"

నేను తొక్కుడు చెక్క తొక్కాను. మగ్గం చప్పుడులో మాట వినబడనట్టు కూర్చున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం పెట్టినప్పుడు మాత్రం నా మొహం చూడలేదు.

మరుసటి యేడాది కూడా వాడు పోలేదు. వాళ్ళ నాయన మంచం పట్టాడనీ, ఇంటి రెండు మగ్గాలూ వీడి మీదే పడ్డాయనీ, పెళ్ళి కూడా చేశారనీ అత్తగారింట్లో విన్నాను. ఆట మానేశాడని కూడా విన్నాను. నేను అత్తగారి ఊరు పోవడం తగ్గించాను. తప్పనిసరై పోతే వాళ్ళ వీధి ఉన్న వైపు కాకుండా చుట్టు తిరిగి పోయేవాణ్ణి. టీ అంగడి బెంచీ కూడా మెల్లగా వదిలేశాను. నన్ను ఎవరూ వెళ్ళగొట్టలేదు. అక్కడ నాకు చోటు ఇవ్వడానికి వాళ్ళు జరిగిన ప్రతిసారీ ఆ మర్యాద నా ఒంటికి పట్టేది కాదు.

ఎనభైలు సగం దాటాక ఒకసారి మా అత్త కర్మకు పోయినప్పుడు దొరికిపోయాను. బస్సు దిగుతుంటే ఎదురుగా వాడే. వాడు అనకూడదు ఇక, ముప్పై దగ్గర పడ్డ మనిషి. ముందు తలలో వెంట్రుకలు తెల్లబడుతున్నాయి. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇంటికి రావాల్సిందేనన్నాడు. నడుస్తుంటే చూశాను. ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడు.

ఇల్లు చిన్నది. ముందు గదంతా మగ్గమే. భార్య చాప వేసి నీళ్ళు ఇచ్చింది.

"ఈ అన్నే" అని చెప్పాడు ఆమెతో. "నా కాలు సంగతి ముందే కనిపెట్టి చెప్పిన అన్న. ఆ పొద్దు ఈయన చెప్పకపోయింటే గుంతకల్లుకు పోయి, అంతమందిలో పడిపోయి నవ్వులపాలయ్యేవాణ్ణి. ఇప్పుడు గూడా మధ్యాహ్నం దాటితే పట్టేస్తాదన్నా, మీరు చెప్పినట్లే."

నాకు ఇక చేతకాలేదు. ఇన్నేళ్ళు మోసింది అక్కడే, ఆ చాప మీదే కక్కేశాను.

"నీ కాలుకేమీ లేదప్పా. ఆ పొద్దూ ల్యా, ఈ పొద్దూ ల్యా. నేను నీ ఆట సగమే చూసినా. బెంచీ మీద నలుగురూ నా మాట వినాలని అబద్ధం చెప్పినా. నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు గూడా అబద్ధమే చెప్పినా."

ఆయన పెద్దగా నవ్వాడు.

"నన్ను సంతోషపెట్టల్లని అంటాండారు. నా కాలు నాకు తెలీదా అన్నా? మీరు పెద్దమనుషులు, కాబట్టి అంటారు." లేచి చొక్కా వేసుకున్నాడు. "ఉండండి, సోడా తెస్తా. ఊరికే పంపిస్తే బాగుండదు."

ఆయన వీధిలోకి పోయాడు. ఆమె గోడకు ఆనుకుని అలాగే నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు.

"నిజమా అన్నా?" అంది.

"నిజమేనమ్మా."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. నా ముందున్న ఖాళీ చెంబు తీసుకుని లోపల పెట్టి వచ్చింది. వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇంగెప్పుడూ ఆయప్పతో ఈ మాట అనొద్దండి. కాలు బాగాలేదు కాబట్టి పోలేదని అనుకోని బతుకుతాండాడు. కాలు బాగుండి గూడా పోలేదని తెలిస్తే తట్టుకోలేడు."

నేను సరేనన్నాను. ఆయన రెండు సోడాలు పట్టుకుని ఎండలో వస్తున్నాడు. లోపలికి వచ్చి ఒకటి కొట్టి నా చేతికిచ్చాడు. కాలు మళ్ళీ పట్టేసిందన్నా, ఏం రుద్దమంటారు అని అడిగాడు. ఆమె గడపలో నిలబడి నా మొహమే చూస్తోంది.

"ఆముదమే రుద్దప్పా" అన్నాను.